కుర్చీకి తొంభై ఒకటి

ఆయన్ని ఆరంభశూరుడు అని మొట్టమొదట అన్నది అత్తగారు. అల్లుణ్ణి పట్టుకుని అంత మాట అనొచ్చా అని ఇంట్లో ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆ మాట ఆయనకి కొలత తీసి కుట్టించిన చొక్కాలా సరిపోయింది. పోనుపోను బంధువులంతా ముందుమాట వదిలేసి ఒట్టి శూరుడు అనడం మొదలుపెట్టారు. అది పొగడ్త అనుకుని ఆయన కూడా మురిసిపోయాడు. మనమూ అలాగే పిలుద్దాం.

శూరుడు ఉద్యోగానికి ప్రోగ్రామరు. విమానం దిగాక మీ పెట్టె మీ చేతికి వచ్చిందంటే అందులో ఆయన రాసిన ప్రోగ్రాం చలవ ఉంది. రాకపోతే అది వేరేవాళ్ళ పొరపాటని ఆయన ఒట్టేసి మరీ చెబుతాడు. పనిలో గట్టివాడే, అబద్ధమెందుకు. అసలు గొడవంతా సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పాక మొదలవుతుంది.

మనిషన్నాక ఏదో ఒక సరదా ఉండాలి, కాదనను. ఈయనకి పది మందికి సరిపడా ఉన్నాయి. పెళ్ళైన కొత్తలో బొమ్మలు వేస్తానన్నాడు. రంగులొచ్చాయి, కుంచెలొచ్చాయి, కాగితం నిలబెట్టే మూడు కాళ్ళ కొయ్య వచ్చింది. తీరా ఆకాశం వేద్దామని కూర్చుంటే నీలం కుదరలేదు. ఏ రంగులో ఏ రంగు ఎంత కలిపితే ఏ నీలం వస్తుందో చెప్పే ప్రోగ్రాం ఒకటి ఉంటే బాగుండుననిపించింది. అనిపించడమే ఆలస్యం, రాయడం మొదలెట్టాడు. అది పూర్తయ్యేసరికి రంగులన్నీ గొట్టాల్లోనే గట్టిపడిపోయాయి. ఆ తర్వాత మొక్కలు పెంచుతానన్నాడు. వాటికి వేళకి నీళ్ళు పోసే ప్రోగ్రాం రాశాడు. అది జడివానలో కూడా తన ధర్మం తప్పకుండా నీళ్ళు పోసి గులాబీలన్నిటినీ ముంచి చంపింది. నక్షత్రాలు చూస్తానని టెలిస్కోపు కొన్నాడు. ఏ చుక్క ఎప్పుడు ఎక్కడుంటుందో చెప్పే ప్రోగ్రాం రాసి, తెర మీద అన్నీ సరిపోయాయి కదా, ఇంక పైకి చూడ్డం దేనికని టెలిస్కోపుకి దుప్పటి కప్పాడు.

చదువులూ అంతే. దూరవిద్యలో తత్వశాస్త్రం కట్టి, పాఠాలను పేర్చిపెట్టే ప్రోగ్రాం రాసి, పరీక్ష తేదీ మర్చిపోయాడు. ఒక పరాయి భాష నేర్చుకుంటానని వేల మాటలు కంప్యూటరుకి ఎక్కించాడు. ఆ భాష మాట్లాడే పెద్దమనిషి ఒకాయన ఆఫీసు లిఫ్టులో తారసపడి పలకరిస్తే, మన శూరుడి నోట్లోంచి ఊడిపడింది ఒక్కటే వాక్యం: "గుర్రం బల్ల కింద ఉంది." ఆ పెద్దమనిషి మర్యాదస్తుడు. తన కాళ్ళ దగ్గర ఓసారి చూసుకుని, తర్వాతి అంతస్తులోనే దిగిపోయాడు.

"మీకు ఆకలేస్తే భోంచేస్తారా, భోజనానికి కూడా ప్రోగ్రాం రాస్తారా?" అని భార్య ఒకసారి అడిగింది కూడా. ఆయన నవ్వలేదు. రాయొచ్చా అని కాసేపు ఆలోచించాడు.

ఇన్నిట్లో ఒక్క వయొలిన్ మాత్రం ఇరవై ఏళ్ళుగా నిలబడింది. దానికీ ప్రోగ్రాం ఉంది లెండి, లేకుండా ఎలా? ఈయన వాయిస్తుంటే అది మైకులోంచి విని, స్వరాలు సరైన చోట పడ్డాయో లేదో చూసి, నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. మొదటి రోజు పన్నెండు వచ్చాయి. చాలాకాలం అక్కడక్కడే దేకి, ఆ తర్వాత నలభై, అరవై, ఎనభై దాటి ఈ ఏడు తొంభై ఎనిమిదికి చేరాయి. నూటికి తొంభై ఎనిమిది వచ్చే విద్యను ఎవడు వదులుకుంటాడు? అందుకే రోజూ రాత్రి భోజనానికి ముందు అరగంట సాధన. ఆ అరగంట అత్తగారు చెవి మిషను తీసి డబ్బాలో పెట్టుకునేది. పక్కింటివాళ్ళు కిటికీలు మూసేసుకునేవాళ్ళు. చలికి అనుకునేవాడు శూరుడు. ఎండాకాలంలో ఎందుకు మూస్తున్నారో అనుకునేవాడు కాదు.

భార్య మొదట్లో చెప్పి చూసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి, తెర మీద మార్కులు కనబడుతుంటే పెళ్ళాం మాట చెవికెక్కుతుందా? పోనీలే, తాగుడు లేదు, తిరుగుడు లేదు, గీక్కోనీ అని ఊరుకుంది.

ఆవిడ గురించి చెప్పాలి. కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం. చిన్నప్పుడు బాగా పాడేదట. పెళ్ళి, పిల్ల, ఉద్యోగం, ఈయనగారి సరదాలు సర్దడం, వీటి మధ్య ఆ పాట ఎక్కడో అడుగున పడిపోయింది. రెండేళ్ళ క్రితం వీధి చివరి లైబ్రరీ మేడ మీద ఆడవాళ్ళంతా చేరి పాడుకుంటారని తెలిసి, కూరగాయలకని చెప్పి వెళ్ళి చేరింది. వెనక వరసలో నిలబడి పదిమందితో గొంతు కలిపేది. అలాంటిది ఈ ఏడు వార్షికోత్సవానికి పాటల టీచరు ఆవిణ్ణి ముందుకు పిలిచి, వాన పాట మొత్తం నువ్వు ఒక్కదానివే పాడాలంది. ఆ రోజు ఇంటికొచ్చి గేటుకి గొళ్ళెం కూడా పెట్టకుండా, "ఏమండీ, నేనొక్కదాన్నేనట! మిగతావాళ్ళంతా ఊరుకుంటారట!" అని అరిచింది. బట్టలు మడతపెడుతూ పాడేది, కళ్ళద్దాలు తుడుస్తూ పాడేది. అత్తగారి చెవి మిషను డబ్బాలోంచి బయటికొచ్చి చెవిలోనే ఉండిపోయింది.

శూరుడికి సంతోషం పట్టలేకపోయింది. భార్యకి తన వంతు సాయం చెయ్యాలనిపించింది. ఆయన సాయం అంటే తెలుసుగా.

"ఇలా రా. నీ పాటకి కూడా మార్కులు చూద్దాం."

"నాకెందుకండీ ఇప్పుడు మార్కులు?"

"ఎక్కడ దిద్దుకోవాలో తెలుస్తుంది కదా. రా రా."

వాన పాట స్వరాలన్నీ జాగ్రత్తగా ఎక్కించి మైకు ముందు నిలబెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుని గొంతు విప్పి పాడింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది. పాట అయిపోయింది. తెర మీద అంకె వెలిగింది. పదిహేడు.

శూరుడు గతుక్కుమన్నాడు. మళ్ళీ పాడమన్నాడు. పదహారు. ఎంతైనా సొంత మనిషి, గట్టిగా అనకూడదు కదా. భుజం తట్టి, "ఫర్వాలేదు. మొదటి రోజు నాకూ పన్నెండే వచ్చింది. నీది నయం. సాధన చేస్తే అదే వస్తుంది" అన్నాడు. ఇంతకంటే ప్రేమగా ఒక మనిషి గొంతు ఎవరూ నొక్కలేరు.

ఆవిడ మైకు దగ్గర్నుంచి పక్కకి జరిగింది. నిజానికి ఆ భయం ఆవిడకి ముందునుంచీ ఉంది. ఇన్నేళ్ళ తర్వాత గొంతు పాడైపోయిందేమో, టీచరు మొహమాటానికి ఇచ్చిందేమో అని లోపల గుబులు. లోకంలో పెట్టెలన్నీ సరిగ్గా చేర్చే మనిషి ప్రోగ్రాం పదిహేడంటే పదిహేడే అయి ఉంటుందనుకుంది. మర్నాడు టీచరుకి ఫోన్ చేసి, గొంతు పట్టేసింది, ఇంకెవరికైనా ఇమ్మంది. టీచరు గట్టిది. "ఈ ఆదివారం సాయంత్రం దాకా చూస్తాను. నీకు కుదరకపోతే ఆ పాటే ఎత్తేస్తాను, ఇంకొకరికి ఇవ్వను" అంది.

ఇంట్లో పాట ఆగిపోయింది. ఆవిడ బట్టలు మడతపెట్టేది, కళ్ళద్దాలు తుడిచేది, చప్పుడు లేదు. శూరుడు ఆవిడ కోసం రోజుకింత సాధన అని ఒక పట్టిక తయారుచేసి ఫ్రిజ్ మీద అంటించాడు. ఆవిడ దాన్ని చూసి, తలుపు తీసి పాలగిన్నె తీసుకుని, తలుపు వేసేసింది.

"అల్లుడుగారూ, నా మిషను పాడైనట్టుంది" అంది అత్తగారు భోజనాల దగ్గర. "అమ్మాయి పాట వినబడ్డం లేదు."

"పాడట్లేదు అత్తయ్యగారూ."

"మీ వాయింపు మాత్రం బాగానే వినబడుతోందే. అయితే మిషను మంచిదే." ఆవిడ మనవరాలికి ఫోన్ చేసింది.

మనవరాలు, అంటే వీళ్ళ కూతురు, వేరే ఊళ్ళో టెస్టరు. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఉద్యోగం, జన్మతః వచ్చిన బుద్ధి కూడా. శనివారం పొద్దున్నే దిగింది. సంచి కూడా కింద పెట్టలేదు.

"పదిహేడేంటి నాన్నా? అమ్మకి?"

"నాకూ బాధగానే ఉందమ్మా. కానీ అంకెలు అబద్ధం చెప్పవు కదా."

"ఏదీ, చూపించు."

శూరుడు ప్రోగ్రాం తెరిచాడు. వాన పాట పెట్టాడు. వయొలిన్ శ్రుతి చేసుకుంటున్నాడు. కూతురు కూర్చుందామని ఇనప కాళ్ళ కుర్చీని నేల మీద బరబరా లాగింది. తెర మీద అంకె వెలిగింది. ఎనభై ఎనిమిది.

తండ్రీ కూతుళ్ళిద్దరూ తెర వంక చూశారు. కూతురు లేచింది. కుర్చీని వెనక్కి లాగింది, ముందుకి తోసింది, పాట నడకకి సరిపోయేలా నెమ్మదిగా ఒకసారి, గబగబా రెండుసార్లు ఈడ్చింది.

తొంభై ఒకటి.

"నాన్నా, కుర్చీ బాగా సాధన చేసింది" అంది కూతురు.

కూతురు ఆయన్ని పక్కకి జరిపి ప్రోగ్రాం లోపలికి దూరింది. ఎక్కువసేపు పట్టలేదు. "ఇదేంటి?" అని వేలు పెట్టి చూపించింది. ఒక చిన్న వాక్యం, దాని పక్కన ఆయనే రాసుకున్న మాట: తాత్కాలికం, తర్వాత తీసెయ్యాలి.

అప్పుడు గుర్తొచ్చింది. మొదట్లో ఎంత గీకినా పన్నెండూ పధ్నాలుగూ దాటక, వయొలిన్ కూడా రంగుల దారే పట్టేలా ఉందని దిగులేసిన ఒక సాయంత్రం, ప్రోత్సాహం కోసమని ఆ ముక్క రాశాడు. ఈయన ఏ రోజు ఎలా వాయిస్తే, ఆ రోజుకి 'సరైన స్వరం' వెంట్రుకవాసి ఆ పక్కకి జరగాలి. అంతే. ఒక్క వెంట్రుకవాసి. రోజుకొకటి చొప్పున ఇరవై ఏళ్ళు జరిగితే సరైన స్వరం ఊరు దాటి పోయింది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఇక్కడ కాకి తన పిల్లని న్యాయమూర్తిని చేసి కూర్చోబెట్టింది.

"నువ్వు వయొలిన్ నేర్చుకోలేదు నాన్నా. అదే నిన్ను నేర్చుకుంది" అంది కూతురు. అని, తండ్రి మొహం చూసి నాలిక్కరుచుకుంది.

శూరుడు ఆ వాక్యం తీసేశాడు. జరిగిపోయిన స్వరాలన్నిటినీ మళ్ళీ మొదటి చోటుకి తెచ్చాడు. వయొలిన్ భుజానికెత్తుకుని, తొంభై ఎనిమిది తెచ్చిపెట్టిన పాటనే వాయించాడు. పదకొండు వచ్చింది. ఇరవై ఏళ్ళ కిందటి మొదటి రోజు కంటే ఒకటి తక్కువ. కూతురు మెల్లగా లేచి అమ్మమ్మ గదిలోకి పోయింది.

ఆయన వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రంగులు ఎండిపోతే బాధపడలేదు, గులాబీలు చస్తే బాధపడలేదు. ఇది మాత్రం గుండెల్లో గుచ్చుకుంది. నా అన్నది ఇదొక్కటే ఉందనుకున్నాడు, అదీ లేదు. ఆ ఏడుపు ఏడుస్తుండగానే ఇంకో సంగతి తట్టింది. ఆవిడకి పదిహేడు వేసింది ప్రోగ్రాం కాదు. తనే.

భార్య వెనక గదిలో ఇస్త్రీ చేస్తోంది. శూరుడు గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ పాటలో తప్పు లేదు. తప్పు నా ప్రోగ్రాంలో ఉంది."

"ఓదార్చకండి."

"ఓదార్పు కాదు. అది కుర్చీకి తొంభై ఒకటి వేసింది."

ఇస్త్రీపెట్టె ఆగింది. "దేనికి?"

"కుర్చీకి. అమ్మాయి నేల మీద లాగితే."

ఆయన మొత్తం చెప్పాడు. ఆ సాయంత్రం సంగతి, వెంట్రుకవాసి సంగతి, పదకొండు సంగతి, ఏదీ దాచలేదు. ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ప్లగ్గు పీకి, నడుము మీద చేతులేసుకుంది.

"అంటే కుర్చీకి తొంభై ఒకటి, నాకు పదిహేడు!"

"అవును."

"ఇన్ని రోజులు నోరు కుట్టేసుకున్నాను! రాత్రిళ్ళు దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను! ఇనప కుర్చీ కన్నా కనాకష్టంగా ఉన్నానా నేను? సిగ్గుండక్కర్లా మీకు!"

"తప్పైపోయింది. ఇప్పుడు సరిచేశాను. నువ్వొచ్చి మళ్ళీ పాడితే..."

"ఆ దిక్కుమాలినదాని మార్కులు నాకక్కర్లేదు!" ఆవిడ విసవిసా ముందు గదిలోకి నడిచింది. కంప్యూటరు మూసేసింది. ఆ ఇనప కాళ్ళ కుర్చీనే లాక్కుని దర్జాగా కూర్చుంది. "వాయించండి. మార్కులు నేనేస్తాను."

శూరుడు వయొలిన్ ఎత్తాడు. వాన పాట మొదటి స్వరం తీశాడు.

"కాదు."

వేలు కాస్త జరిపాడు. "ఇది?"

"కాదు. కిందికి."

"ఇదా?"

"ఇంకా కిందికి. అబ్బబ్బ, మరీ అంత కాదు! ఇదిగో, ఇలా." చూపించాలి కాబట్టి ఆవిడ ఆ స్వరం పాడింది. ఆయన అందుకోలేకపోయాడు. మళ్ళీ పాడింది. కోపం మీద పాడింది, విసుగు మీద పాడింది, ఈయన మొద్దు వేళ్ళు చూసి నవ్వాపుకోలేక నవ్వుతూ పాడింది. ఒక్క స్వరం చోటు చెప్పడానికి ముందు స్వరం కావాలి, దాని ముందుది కావాలి, అలా అలా చరణం మొత్తం పాడేసింది. పాడి చటుక్కున ఆగింది.

"ఏమండీ, మీరు తప్పినప్పుడల్లా నాకు తెలిసిపోతోంది."

"తెలుస్తూనే ఉందిగా, తిడుతున్నావుగా."

"అది కాదు. తప్పు తెలుస్తోందంటే ఒప్పు నాకు తెలుసన్నమాటే కదా." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా గొంతు ఎక్కడికీ పోలేదండీ."

"ఎక్కడికీ పోలేదు" అన్నాడు శూరుడు. వయొలిన్ మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

పొద్దుగూకే వేళకి ఆయనకి నాలుగు స్వరాలు వచ్చాయి. నిజంగా వచ్చాయి. నాలుగోదానికి ఆవిడ "ఊఁ" అంది. ఆ ఊఁ విని శూరుడికి ఒళ్ళు పులకరించింది.

"టీచరుకి రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే చెబుతాను" అంది ఆవిడ ఫోను తీస్తూ. "పై ఆదివారం ఉత్సవంలో పాడతానని. కానీ ఒకటి. నన్ను బెదరగొట్టింది మీరు. కాబట్టి నాతోపాటు మీరూ వేదిక మీద బెదరాలి. రెండో చరణానికి ముందు ఈ నాలుగు స్వరాలు మీరే వాయిస్తారు."

"నేనా! నలుగురి ముందా!"

"నాలుగే. ఐదోది వినబడిందో, మీరు మళ్ళీ ఇంటికి రానక్కర్లేదు."

వారమంతా ఆ నాలుగే. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. ఎదురుగా కుర్చీలో భార్య. మధ్యలో ఒక రోజు ఆవిడ షాపు నుంచి కాస్త ముందుగా వస్తే ఆయన కంప్యూటరు ముందు ఉన్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఏం లేదు. ఈ నాలుగింటికీ చిన్న..."

"మూయండి."

మూసేశాడు.

ఆదివారం లైబ్రరీ మేడ మీద హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక కొందరు కిటికీ అంచుల మీద కూర్చున్నారు. ఆవిడ మైకు ముందుకొచ్చింది. పక్కన స్టూలు మీద శూరుడు. మొదటి లైనులో ఆవిడ గొంతు వణికింది. హాల్లో ఎవరో దగ్గారు. ఆవిడ చూపు చెదిరి భర్త మీద పడింది. ఆయన సున్నం కొట్టిన గోడలా తెల్లబోయి, వయొలిన్ గీసే కమానును పాముని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు. అది చూసి ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటు గొంతు విడిపోయింది. ఇంక పాట ఎక్కడా ఆగలేదు.

మొదటి చరణం అయింది. టీచరు కళ్ళతో సైగ చేసింది. శూరుడు కమాను ఆనించాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగోది కాస్త సన్నగా వచ్చినా చోటు తప్పలేదు. ఆవిడ ఆయనొక్కడికే వినబడేలా "ఊఁ" అంది.

అక్కడే వచ్చింది అసలు గండం. నాలుగూ కుదిరాక వేలు ఐదో చోటు మీద దురద పెట్టింది. ఒక చిన్న మెరుపు, ఒక్కటి అదనంగా, ఎవరికీ తెలీదు, బాగుంటుంది కూడా! జీవితమంతా ఆయన ఆ ఒక్కటీ అదనంగా తగిలించబోయే చెడగొట్టుకున్నాడు. చెయ్యి లేచింది కూడా. పళ్ళు బిగించి, కమాను తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి అదిమిపట్టాడు.

ఇంకేం పని లేక, పాట విన్నాడు. పక్కన కూర్చుని, మార్కుల గొడవ లేకుండా, మొదటి నుంచి చివరిదాకా పెళ్ళాం పాట వినడం ఆయనకి అదే మొదటిసారి. ఇంత బాగా పాడే మనిషి ఇంట్లో ఉండగా నేనేం గీకానురా దేవుడా అనుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవడానికి కూడా చేతులు తియ్యలేదు, ఎక్కడ ఐదోది వాయించేస్తానో అని.

చప్పట్లు ఆగాక అందరూ ఆవిణ్ణి చుట్టుముట్టారు. శూరుడు మూల నిలబడి వయొలిన్ పెట్టెలో సర్దుకుంటుంటే, ముందు వరసలో కూర్చున్న ముసలాయన ఒకాయన కర్ర పోటేసుకుంటూ ఆయన దగ్గరికి వచ్చాడు.

"ఆ నాలుగు స్వరాలు మీవేనా బాబూ?"

"అవునండీ."

"శుద్ధంగా పడ్డాయి. నాలుగోది కాస్త బెదిరింది. ఎన్నాళ్ళ నుంచి నేర్చుకుంటున్నారేం?"

శూరుడు హాలుకి అవతల ఉన్న భార్య వంక చూశాడు. ఆవిడ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది.

"పోయిన శనివారం నుంచండీ" అన్నాడు.

ముసలాయన నమ్మలేనట్టు ఆయన నెరిసిన తల వంక ఓసారి చూసి, భుజం మీద చెయ్యి వేశాడు. "అయితే ఏం భయం లేదు. వదిలిపెట్టకండి. వస్తుంది."